మూడు, నాలుగు, ఐదు

రాత్రి పదికి బకోలోడ్‌లో నేను కంప్యూటర్ తెరిచేసరికి
ఒహాయోలో తెల్లారి, మంచు మీద కార్లు జారుతుంటాయి.
మంచు నేనెప్పుడూ చూడలేదు,
ఫ్రిజ్ గోడకి గీకితే రాలేది తప్ప.
అయినా దాని మీద విరిగిన ఎముకలన్నీ
నా వేళ్ల కిందుగానే వెళతాయి.

పేర్లుండవు. నల్లగా కొట్టేసి పంపుతారు.
వయసు, ఎముక, ఏ వైపు, ఎవరు నడిపారు, ఏది గుద్దింది.
కారుకి లేడి అడ్డమొస్తే ఒక అంకె,
అదే కారు చెట్టుని కొడితే ఇంకో అంకె.
లేడికేమైందో అడిగే గడి లేదు.
ఒకావిడ పుట్టినరోజు కేకు ఒళ్లో పెట్టుకుని కూర్చుందట,
జుట్టులో క్రీము ఉందని డాక్టరు ఎందుకో రాశాడు.
క్రీముకి కోడ్ వెతికాను, ఊరికే, ఒక నిమిషం.
లేదు.
ఆ నిమిషం నా లెక్కలో తగ్గించారు.

కోడ్‌కి ఏడు గదులు.
చెప్పడానికేమీ లేని గదిలో ఎక్స్ వేయాలి.
పాఠం చెప్పిన మిస్ ఫెలిసిదాద్ అనేది:
"రాని చుట్టానికి వేసిన కుర్చీ అది.
తీసేశావో, వచ్చినవాళ్లంతా తప్పు చోట కూర్చుంటారు."
చివరి గదిలో ఒక్క అక్షరం.
ఏ అంటే ఇప్పుడే తెచ్చారు,
డి అంటే మానుతోంది,
ఎస్ అంటే మానింది గానీ పోలేదు.

మూడేళ్లలో నేనొక్కసారీ ముట్టని పేజీ ఒకటుంది:
వి ముప్ఫై నుంచి ముప్ఫై తొమ్మిది,
మూడు చక్రాల బండిలో ఉన్నవాళ్లు.
ఒహాయోలో మూడు చక్రాలు పసిపిల్లల ఆట.
మా వీధి మలుపులో పదహారు ట్రైసైకిళ్లు,
పదకొండోది నోంగ్ తెరోయ్‌ది.
షిఫ్టు దిగిన నన్ను చూడగానే
రేడియో కట్టేస్తాడు, కునుకు తీయమని.

చెరకు కొట్టే కాలం. మిల్లు దారంతా
కట్టిన మోకుల్ని మించి పొంగిన లారీలు.
"ఒక్క నిమిషం, నోంగ్" అని
వేడి పాందెసాల్ కోసం వరసలో నిలబడ్డాను.
నన్ను దగ్గర్లో ఎక్కించుకుందామని
బండి ఇటు తిప్పాడు.

పెద్ద చప్పుడేం కాలేదు.
నూనె డబ్బా మీద ఎవరో కూర్చున్నట్టు.
తర్వాత చెరకు గడలు, ఒకదాని వెనక ఒకటి, తీరిగ్గా రాలాయి.

నేను అరవలేదు.
నా లోపల ఎవరో టైపు చేశారు:
వి, మూడు, నాలుగు, చుక్క, ఐదు,
ఎక్స్, ఎక్స్, ఏ.
మూడు చక్రాలు. పెద్ద లారీ. రోడ్డు మీద. నడిపేవాడు.
తడబాటు లేదు. నెలాఖరు తనిఖీలో
తొంభై ఎనిమిది దాటని దాన్ని,
ఆ పొద్దున నూటికి నూరు.
తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.
ఆ తర్వాతే పరిగెత్తాను,
రొట్టెల సంచి వదలకుండా.
పక్క తొట్టిలో నేను కూర్చునే చోటు
ఖాళీగా నలిగి ఉంది.

ఆసుపత్రి గుమాస్తా రిజిస్టర్లో రెండే మాటలు రాశాడు:
బండి దెబ్బ.
ఏ బండి, ఏది గుద్దింది, ఎవరు నడిపారు,
అన్నీ నా నాలిక చివరే ఉన్నాయి.
అతని పెన్ను అప్పటికే కింది గీతకి దిగింది.

ఆరు వారాలకి, కట్టు మీద ఈగలు తోలుకుంటూ
తెరోయ్ అడిగాడు: "నీ పని ఇదేగా. నాకెంత అంకె?"
చెప్పాను. వేళ్లు మడిచి చూసుకున్నాడు.
"మూడు, నాలుగు, ఐదు! మెట్లెక్కినట్టున్నాయే."
దిండు కింద నుంచి పది పెసోలు తీసి,
"ఈ సాయంత్రం లాటరీలో కట్టు" అన్నాడు.
నావీ పది కలిపాను.

మూడు, నాలుగు, తొమ్మిది వచ్చింది.
"చూశావా, ఎంత దగ్గరికొచ్చిందో!"
నవ్వుతూనే కాలి బొటనవేలు కదిపాడు.
అది కాస్త ఆలస్యంగా కదిలింది.

నేను లోలోపల ఏ చెరిపి డి వేశాను.
ఎస్ సంగతి అతనికి చెప్పలేదు.